వీపు మీది జిప్

"ఇంకా ఎన్నిసార్లు చెప్పల్ల ఆంటీ? పోలీసులకు చెప్పినా, కంపెనీ ఆయనకు చెప్పినా. సంతకం గూడా పెట్టినా. నాకు తెల్సింది అంతే."

వంట గుడారంలో నీలిమ టీ మగ్గును బల్ల మీద ఠక్కున పెట్టింది. ఎదురుగా కూర్చున్న రోజమ్మ కళ్ళెత్తలేదు. నోట్‌బుక్కులో పదకొండూ నలభై అని టైము వేసి, దాని కింద గీత గీసింది.

"సంతకం పెట్టావని తెలుసులే. వాళ్ళు అడగనిది నేనడుగుతున్నా. తెల్లారి నాలుగున్నరకి సుబ్బరాజు తన గుడారం జిప్ తీసిన చప్పుడు విన్నానన్నావు. ఆ తరవాత అడుగుల చప్పుడు వినపడిందా?"

"వినపడింది."

"ఒక మనిషివా, ఇద్దరివా?"

నీలిమ చూపు పొయ్యి వైపు జారి, కాలినట్టు వెనక్కి వచ్చింది. పొయ్యి దగ్గర థామస్ గిన్నెలు తుడుస్తున్నాడు. తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడుస్తున్నాడు.

రోజమ్మది చీరాల. లీడ్స్‌లో ఎమర్జెన్సీ నర్సుగా ఇరవై రెండేళ్ళు చేసి, ఆ ఉద్యోగం వదిలి డిటెక్టివ్ పనిలోకి దిగి ఆరేళ్ళయింది. నిన్న మధ్యాహ్నం మాంచెస్టర్ నుంచి డాక్టర్ జయలక్ష్మి ఫోన్ చేసింది. తమ్ముడు సుబ్బరాజు స్కాట్లాండ్ ట్రిప్‌లో నీళ్ళలో మునిగి చనిపోయాడని, పోలీసులు ప్రమాదమే అంటున్నారని చెప్పింది. "వాడు స్విమ్మింగ్ పూల్లో కూడా అంచు పట్టుకుని నడిచే రకం. ఒంటరిగా పడవేసుకుని పోయాడంటే నేను నమ్మను రోజమ్మగారూ" అంది. ఆ మాట పట్టుకుని రోజమ్మ రాత్రంతా కారు నడిపి, పొద్దున బోటెక్కి పదిన్నరకి ఈ ఒడ్డున దిగింది.

లాక్ వెరాన్‌కి రోడ్డు లేదు. సముద్రం రెండు కొండల మధ్య పన్నెండు మైళ్ళు లోపలికి చొచ్చుకొచ్చిన చోటది. ఒకప్పుడు గ్లేసియర్ అనే మంచు నది తొలుచుకుంటూ పోయిన దారి. ఆ ఒడ్డున గుడారాల క్యాంపు. ఐదు రోజుల ట్రిప్‌లో ఒకరోజు గైడుతో కొండ ఎక్కడం, మరోరోజు కయాక్ అనే సన్నటి తెడ్డు పడవల్లో నీళ్ళ మీద తిరగడం. వచ్చిన ఎనిమిది మందిలో సుబ్బరాజు పోయాడు. ఐదుగురు నిన్న సాయంత్రం బోటులో వెళ్ళిపోయారు. మిగిలింది బ్రాక్‌నెల్‌లో సుబ్బరాజు టీమ్‌లోనే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేసే నీలిమ, లీడ్స్‌లో ముసలివాళ్ళ కేర్ హోమ్‌లో నర్సు థామస్. వీళ్ళను తీసుకుపోయే బోటు నాలుగింటికి వస్తుంది. ఆ తరవాత ఈ క్యాంపు విప్పేస్తారు. సాక్ష్యం ఏదైనా ఉంటే దానితోపాటే పోతుంది.

"నిన్నే అడుగుతున్నాను అమ్మాయ్. రెండు జతల అడుగులు విన్నావు. అవునా?"

"మేడమ్, ఇక చాలు."

గుడారం తెర ఎత్తుకుని ప్రేమ్‌నాథ్ లోపలికి వచ్చాడు. నిన్న సాయంత్రం బోటులో దిగిన మనిషి. యాభై ఏళ్ళుంటాయి. ఒంటి మీద కంపెనీ ఎర్ర జాకెట్, చేతిలో ఫైలు. ట్రిప్ నడిపే కంపెనీ తరఫున సేఫ్టీ విచారణకు వచ్చానని అందరికీ చెప్పాడు.

"ఈ అమ్మాయి స్టేట్‌మెంట్ అయిపోయింది. కస్టమర్ రూల్ మీరాడు, గైడ్‌కి చెప్పకుండా ఒంటరిగా వెళ్ళాడు. పోలీసులూ అదే రాసుకున్నారు. మీరెవరండీ మధ్యలో?"

"చచ్చిపోయినవాడి అక్క పంపిన మనిషిని."

"అయితే వెళ్ళి ఆవిడ్ని ఓదార్చండి." ప్రేమ్‌నాథ్ నీలిమ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "చూడమ్మా, పోలీసులకి ఒకసారి ఒకటి చెప్పి ఇప్పుడు మాట మారిస్తే ఈ దేశంలో దాన్నేమంటారో తెలుసుగా? నీ వీసా రెన్యువల్ ఎప్పుడు?"

నీలిమ ముఖం పాలిపోయింది. రోజమ్మకు ఒళ్ళు మండింది. ఆ మంటలో ఆవిడ ఆ రోజు చేసిన పెద్ద పొరపాటు చేసింది.

"వీసా సంగతి నేను చూసుకుంటా. నువ్వు రెండో మనిషి అడుగులు విన్నావు, ఆ మనిషెవరో కూడా నీకు తెలుసు. నాలుగింటి బోటెక్కే లోపల నాకు చెప్తావు" అంది, గుడారంలో అందరికీ వినపడేలా.

నీలిమ లేచి ఏడుస్తూ బయటికి పోయింది. థామస్ గిన్నె కింద పెట్టి, "పాపం భయపడ్డది అక్కా. నేను చూస్తలే" అంటూ ఆమె వెనకాలే వెళ్ళాడు.

*

కయాక్ ఎక్కేటప్పుడు వేసుకునే సూట్లు ఆరబెట్టే చెక్క షెడ్డులో గైడ్ ఐలీ ఉంది. ముప్పై ఏళ్ళ స్కాట్లాండ్ పిల్ల. నిన్నటి నుంచి నిద్ర లేక కళ్ళు ఎర్రబడ్డాయి. రోజమ్మ ఆమెతో ఇంగ్లీషులోనే మాట్లాడింది.

"టైములు చెప్పు ఐలీ. రాయించడానికి కాదు. నువ్వు చూసింది చూసినట్టు."

"ఏడూ ఇరవైకి ఒడ్డుకి వచ్చాను. క్యాంపుకి రెండు వందల గజాల దూరంలో రాళ్ళ మధ్య కయాక్ తిరగబడి ఉంది. అతను దాని పక్కనే ఉన్నాడు. నా దగ్గరున్న ప్రమాద సంకేతం బటన్ నొక్కి, గట్టిగా అరిచాను. థామస్ ముందు పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరం బయటికి లాగాం. లైఫ్ జాకెట్ తీసేశాం. సూట్ కోశాను. థామస్ నలభై నిమిషాలు గుండె మీద నొక్కుతూనే ఉన్నాడు. ఎనిమిదీ అయిదుకి హెలికాప్టర్ వచ్చింది. వాళ్ళు మిగతా సూట్ కోసి తీసి, ఇక్కడే పడేసి, అతన్ని తీసుకెళ్ళారు."

"ఆ సూట్ ఏది?"

చివరి కొక్కేనికి వేలాడుతోంది. నీళ్ళు లోపలికి పోకుండా మెడ దగ్గరా మణికట్ల దగ్గరా రబ్బరు పట్టీలుండే నీలం డ్రైసూట్. రోజమ్మ చెయ్యి చాచేలోపు వెనక నుంచి ఇంకో చెయ్యి వచ్చి దాన్ని పట్టుకుంది.

"ఇది కంపెనీ సొత్తు" అన్నాడు ప్రేమ్‌నాథ్. రెండో చేతిలో పెద్ద నల్ల సంచి. "పరీక్షకి పంపాలి. నాతో తీసుకెళ్తున్నా."

"పట్టుకెళ్ళండి. పది నిమిషాలు చూసిస్తాను."

"కుదరదు."

"ఎందుకు కుదరదు? ప్రమాదమేగా? ప్రమాదానికి అంత భయమెందుకండీ?"

ఐలీకి భాష అర్థం కాకపోయినా సంగతి అర్థమైంది. అడుగు ముందుకేసి, ఈ షెడ్డు తన చేతికింద ఉందని, చూడనివ్వమని ఇంగ్లీషులో గట్టిగా చెప్పింది. ప్రేమ్‌నాథ్ పళ్ళు కొరుకుతూ చెయ్యి వదిలాడు.

రోజమ్మ సూట్‌ని బల్ల మీద బోర్లా పరిచింది. ముందు వైపంతా కోతలే. వెనక వైపు చెక్కు చెదరలేదు. ఈ భుజం నుంచి ఆ భుజం దాకా వీపు మీద అడ్డంగా ఇత్తడి జిప్. చివరంటా బిగించి ఉంది.

ఆవిడ ఆ జిప్ వైపు చాలాసేపు చూసింది.

"ఐలీ, ఇది ఎవరంతట వాళ్ళు వేసుకోగలరా?"

"వేసుకోలేరు. అందుకే మొదటి రోజే జంటలు కడతాను. ఒకరి జిప్ ఒకరు వేయాలి. దేవుడా... నాకెందుకు తట్టలేదు!"

"శవాన్ని చూసినప్పుడు వీపు ఎవరు చూస్తారు? అందరూ గుండె వైపే చూస్తారు."

"ఏం తర్కమండీ ఇది!" ప్రేమ్‌నాథ్ నవ్వాడు. "కాస్త ఒళ్ళు వంచితే ఎవడైనా వేసుకుంటాడు."

"మీరు వేసుకోండి అయితే."

"నాకేం పని?"

"వేసుకోలేక కాదుగా?"

ప్రేమ్‌నాథ్ ముఖం ఎర్రబడింది. జాకెట్ విప్పి అవతల పారేసి, కొక్కేనికున్న ఇంకో సూట్ లాగి అందులో దూరాడు. కుడి చెయ్యి భుజం మీదుగా వెనక్కి వేశాడు, ఎడమ చెయ్యి నడుం మీదుగా పైకి పెట్టాడు. జిప్ పిడి వేలికి అందింది. అరచెయ్యంత దూరం కదిలి, వీపు మధ్యలో బిగుసుకుంది. మూడు నిమిషాలు గింజుకున్నాడు. చెమటలు కారాయి. రోజమ్మ గడియారం చూసుకుంటూ నిలబడింది. సాయం చెయ్యలేదు.

"చాలు లెండి, భుజం జారుతుంది" అంది చివరికి. "నాలుగున్నరకి సుబ్బరాజు ఒంటరిగా బయల్దేరలేదు. జిప్ వేసిన చెయ్యి ఒకటుంది. ఆ చెయ్యి గలవాడు ఇంతవరకూ నోరిప్పలేదు."

"భయపడి చెప్పకపోవచ్చు. అంతమాత్రాన హత్యయిపోతుందా?"

"అది కూడా చూద్దాం."

ఆవిడ సూట్ వెల్లకిలా తిప్పింది. "ఐలీ, మెడ పట్టీ కోసిందెవరు?"

"హెలికాప్టర్ వాళ్ళు. రాగానే మొదట చేసిన పని అదే."

"మరి నువ్వు?"

"నేను ఇక్కడ కోశాను." ఐలీ తన పక్కటెముకల మీద వేలుపెట్టి, బొడ్డుదాకా గీత గీసినట్టు చూపించింది. "థామస్ అక్కడే కోయమన్నాడు. 'మెడ వదిలెయ్, ఇక్కడ, ఇక్కడ' అని రెండుసార్లు చూపించాడు."

రోజమ్మ చేతులు ఆగిపోయాయి. ఇరవై రెండేళ్ళలో ఎన్ని వందల ఒళ్ళ మీద బట్టలు కత్తిరించిందో ఆవిడకే తెలియదు. ఊపిరాడని మనిషి ముందుకొస్తే చెయ్యి దానంతటదే గొంతు దగ్గరికి పోతుంది. మొదటి సంవత్సరం నర్సింగ్ విద్యార్థి కూడా బిగుసుకున్న మెడ పట్టీ వదిలేసి పొట్ట కోయడు. పదిహేనేళ్ళ అనుభవం ఉన్న థామస్, మెడకు రబ్బరు పట్టీ బిగిసి ఉండగానే నలభై నిమిషాలు గుండె నొక్కాడు.

కోత అంచుల్ని కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూసింది. ఐలీ కత్తికి రంపం పళ్ళున్నాయి. అది నడిచిన చోటల్లా దారాలు లేచి పీచు పీచుగా ఉంది. కానీ మధ్యలో, జానెడు మేర, ఒక్క దారం లేవలేదు. అద్దం అంచులా నున్నగా ఉంది.

"ఇది బ్లేడు" అంది రోజమ్మ మెల్లిగా. "లైఫ్ జాకెట్ కింద కనపడకుండా ముందే కోసి పెట్టారు. పడవ తిరగబడితే సూట్ నిండా నీళ్ళు చేరతాయి. పది డిగ్రీల నీళ్ళు. అరగంటలో చేతులు కొయ్యబారిపోతాయి. ఆ కోత కనపడకుండా ఉండాలంటే దాని మీదే ఇంకో కోత పడాలి. అందుకే అక్కడే కోయించాడు. ఐలీ, సుబ్బరాజుకి జంటగా ఎవర్ని పెట్టావు?"

"థామస్‌ని."

ప్రేమ్‌నాథ్ సూట్ విప్పుకుంటూ తల దించుకున్నాడు. అతని గొంతులో పొగరు తగ్గింది. "నేను పొరపడ్డాను మేడమ్. ఒప్పుకుంటున్నా. ఇప్పుడేం చేద్దాం?"

"థామస్ ఎక్కడ?"

ఐలీ గుడారాల వైపు పరిగెత్తింది. వెనక్కి వచ్చి గబగబా చెప్పింది. ఫోన్ సిగ్నల్ కొండపైన జలపాతం దగ్గర మాత్రమే దొరుకుతుంది. అనంతపురంలో ఉన్న అమ్మతో మాట్లాడాలని నీలిమ పైకి బయల్దేరింది. కస్టమర్లు ఒంటరిగా కొండ ఎక్కకూడదని రూలు. తోడు వస్తానని థామస్ వెళ్ళాడు. అప్పుడే ముప్పావుగంటయింది.

రెండో మనిషి ఎవరో నీకు తెలుసు అని ఆ పిల్ల మొహమ్మీద, వాడి ఎదురుగా అన్నది తానే.

"మీరు వెళ్ళండి" అన్నాడు ప్రేమ్‌నాథ్. "సూట్ నేను చూసుకుంటా. ఎవర్నీ ముట్టుకోనివ్వను."

"కళ్ళలో పెట్టుకోండి" అని చెప్పి రోజమ్మ ఐలీ వెనక పరుగు తీసింది.

*

దారి నిట్టనిలువుగా ఉంది. యాభై మూడేళ్ళ మోకాళ్ళు ప్రతి రాయి దగ్గరా ఎదురు తిరిగాయి. గ్లేసియర్ గీరిన నున్నటి బండల మీద నీళ్ళు జారుతున్నాయి. రెండుచోట్ల పడింది. అరచెయ్యి చీరుకుపోయింది. ఐలీ ముందు పోతూ వెనక్కి చూస్తే, ఆగకు పో అని చెయ్యి ఊపింది.

పైన కొండ గిన్నెలా తొలిచి ఉంది. అందులోంచి పొంగిన నీళ్ళు అంచు మీదుగా నాలుగు వందల అడుగుల కిందికి దూకుతున్నాయి. ఆ అంచుకి మూడు గజాల దూరంలో నీలిమ నిలబడి ఉంది. చెవి దగ్గర ఫోన్. ఆమెకూ దారికీ మధ్య బండ మీద థామస్ కూర్చున్నాడు.

"దగ్గరకు రాకు అక్కా" అన్నాడు థామస్. లేవలేదు.

"రానులే. ఇక్కడే కూర్చుంటా. నాకూ ఆయాసంగా ఉంది." రోజమ్మ తడి రాతి మీదే చతికిలబడింది. ఐలీ పక్కనుంచి మెల్లిగా గుట్ట వెనక్కి జరగడం చూసింది గానీ అటు కళ్ళు తిప్పలేదు. "నీలిమా, బాగానే ఉన్నావా?"

"బాగుండా ఆంటీ." నీలిమ మాట స్పష్టంగా ఉంది. "అమ్మ ఇంగా లైన్లోనే ఉంది. ఆ పొద్దున రెండో అడుగులు ఈయనవే, వద్దన్నా ఎంట వచ్చినాడు. పైకి రాంగానే అమ్మకు చెప్పినా. నా పక్కన థామస్ అని ఒకాయన ఉండాడు, లీడ్స్‌లో నర్సు, నేను కిందికి దిగేదాకా ఫోన్ పెట్టొద్దు అని. నలభై నిమిషాల నుంచి అమ్మ పెట్టలే."

రోజమ్మకు కళ్ళు చెమర్చాయి. మెచ్చుకోవడానికి అది సమయం కాదు.

"విన్నావుగా థామస్? నీ పేరు అనంతపురం దాకా పోయింది. ఇంకెవర్ని తోసినా దాగదు. బ్లేడుతో కోసింది చూశాను. జిప్ చూశాను. మెడ పట్టీ ఎందుకు వదిలేశావో కూడా తెలుసు. నువ్వూ నేనూ ఒకే చదువు చదివాం."

థామస్ రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు. చెయ్యి తీసేసరికి అతను పదేళ్ళు పెద్దవాడిలా ఉన్నాడు.

"ఆయన నాకోసమే వచ్చిండు ట్రిప్‌కి. నాకు ఎరుక లేదు. రెండు రోజులు తమ్మీ తమ్మీ అని నాతోనే తిన్నడు. మూడో రోజు అడిగిండు, మా హోమ్‌ల వాళ్ళ అమ్మ ఆండాళమ్మ పోయిన రాత్రి డ్యూటీల ఎవరున్నరని. నేనే ఉన్న అక్కా. ముప్పై నలుగురు ముసలోళ్ళకు నేనొక్కణ్ణే. మూడు రోజులాయె కన్ను మూసి. ఆమె బెల్లు కొడుతనే ఉన్నది. రెండు గంటలు కొట్టిందంట. నేను పండుకున్న."

"అది తప్పు థామస్. కానీ హత్య కాదు. ఒప్పుకుని ఉంటే ఉద్యోగం పోయేది, ప్రాణాలు పోయేవి కావు."

"ఒప్పుకుందామనే అనుకున్న. సాయంత్రం ఈడికే వచ్చి మా మేనేజర్‌కు ఫోన్ జేసిన. ఆండాళమ్మ పోయిన రాత్రి బెల్లు బోర్డు ఆఫ్ జేసింది ఆయనే. పొద్దున రికార్డు మార్చింది ఆయనే. నువ్వు నోరు తెరిస్తే హోమ్ మూసేస్తరు, నీతోపాటు నేను గూడ జైలుకే అన్నడు. ఎట్ల జెయ్యాల్నో ఒక్కొక్కటే చెప్పిండు. బ్లేడు, జిప్, అన్నీ. నీళ్ళ నడిమిట్ల అన్నీ చెప్తా రా అని నేను పిలిస్తే నమ్మి వచ్చిండు అక్కా. ఆయన పడవ నేనే తిప్పేసిన. నా జిప్ ఆయన వేసిండు. ఆయన జిప్ నేను వేసిన."

గుట్ట వెనకనుంచి వచ్చిన ఐలీ నీలిమ చెయ్యి పట్టుకుని అంచు దగ్గరనుంచి ఇవతలకు లాగింది. ఆ పిల్ల ఐలీ మీద వాలిపోయి, ఫోన్‌లో "అమ్మా, అయిపోయింది. దిగుతుండా" అని ఒక్కటే మాట అంది. థామస్ కదల్లేదు. అడ్డుకోవాలన్న ఓపిక కూడా అతనిలో మిగల్లేదు.

రోజమ్మ లేచి అతని దగ్గరికి వెళ్ళింది. "ఆ మేనేజర్ పేరు చెప్పు. పోలీసులకు ముందు నాకు చెప్పు."

థామస్ తలెత్తి ఆవిడ వైపు వింతగా చూశాడు.

"నీకు తెల్వదా? నిన్న పొద్దుగాల నేను ఫోన్ జేస్తే సాయంత్రానికల్లా దిగిండు. జాకెట్ యాడ సంపాదించిండో. గీ ఐలీ కంపెనీ ఆఫీసోళ్ళ మొకాలు ఎన్నడు చూడలే, అడగడానికి ఫోన్ లేదు. కింద సూట్ దగ్గర ఎవర్ని పెట్టొచ్చినవ్ అక్కా?"

రోజమ్మ చీరుకుపోయిన అరచెయ్యి బండకు ఆనించి అంచు దగ్గరికి వచ్చింది. చాలా కింద, లాక్ వెరాన్ బూడిద రంగు నీళ్ళ మీద, పసుపు పచ్చ కయాక్ ఒకటి ఒడ్డు విడిచి అప్పుడే అర మైలు పోయింది. ఆటు మొదలైంది. నీళ్ళు సముద్రం వైపు లాగుతున్నాయి. తెడ్డు వేస్తున్న మనిషి ఒంటి మీద ఎర్ర జాకెట్. అతని వెనక, కయాక్ మీద తాళ్ళతో బిగించి, నల్ల సంచి.